ఏటికి పోదాం పాపా: శ్రీరంగంలో మా ఇంటి తెలుగు

పోయిన ఏడాది దసరా సెలవులకు మేము తొమ్మిది మంది మదురై నుంచి శ్రీరంగం పోయినాం. నేను, మా ఇంటామె, మా అమ్మ, చెన్నైలో ఉండే కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లవాడు, హైదరాబాదులో ఉండే కూతురు, అల్లుడు, వాళ్ళ పాప. అమ్మకు 86 ఏండ్లు. రైలు మెట్లు ఎక్కలేదని వ్యాను మాట్లాడినాం.

తిరుచ్చి ఊరు దాటి వ్యాను కావేరి వంతెన మీదికి రాంగానే అమ్మ కిటికీలోనుంచి తల బయటపెట్టి గట్టిగా అన్నది: "అబ్బ, ఏటి నిండా నీళ్ళుండాయి చూడు పాపా! ముందు ఏటికి పోదాం, కాళ్ళు కడుక్కోని కోవెలకు పోదాం."

హైదరాబాదు పాప ఐదో తరగతి. బడిలో తెలుగు ఒక సబ్జెక్టు. అది ముఖం చిట్లించి, "ఏటికి అంటే ఏంటి పెద్దవ్వా? ఏటా అంటాం కదా, ప్రతి ఏటా, అదా?" అన్నది. నేను చెప్పేలోపలే మళ్ళీ, "నీళ్ళుండాయి కాదు పెద్దవ్వా, నీళ్ళున్నాయి అనాలి. మా టీచరైతే మార్కులు కట్ చేస్తుంది" అని నవ్వింది. తెలుగు సగమే అర్థమయ్యే చెన్నై మనవడు కూడా దానితోపాటు నవ్వినాడు. పిల్లలు, వాళ్ళ తప్పేమీ లేదు.

అమ్మ కూడా నవ్వింది. అయితే ఆ మధ్యాహ్నం వరకు ఆ పాపతో ఒక్క తెలుగు మాట ఆడలేదు. నీళ్ళు కావాలంటే చెంబు చూపించింది, కూర్చోమనాలంటే చేత్తో తట్టింది. ఏదైనా చెప్పక తప్పకపోతే చెన్నై పిల్లవానికి తమిళంలో చెప్పి, దానికి చెప్పమన్నది. మా కూతురు గమనించలేదు. నేను గమనించినాను, ఎందుకంటే ఇదే పని నేను ఒకప్పుడు మూడేండ్లు చేసినాను.

మాది విరుదునగర్ జిల్లాలో అరుప్పుకోట్టై పక్క ఒక పల్లె. అంతా నల్లరేగడి నేల, తమిళంలో కరిసల్ అంటారు. మా పెద్దలు ఆ నేలకు వచ్చి ఎన్ని తరాలైందో లెక్క రాసిపెట్టినవాళ్ళు లేరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా తెలుగుకు అక్షరం లేదు. బడి తమిళంలో, బీకాం ఇంగ్లీషులో. బయట ఎవరైనా తెలుగువాడు కనపడితే "ఆయన మనవాడు" అనుకుంటాం, అంతే. తెలుగువాడు అని కూడా అనం.

బ్యాంకులో ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చినప్పుడు నన్ను నెల్లూరు జిల్లాలో ఒక బ్రాంచికి వేసినారు. తెలుగు దేశానికి పోతున్నానని మా నాయన సంతోషపడినాడు. నేనూ పడినాను. చేరిన వారానికి ఒకనాడు మేనేజరు పొద్దున పోయి, లోన్లు ఇచ్చిన చేలన్నీ చూసుకొని, మధ్యాహ్నం మూడు గంటలకు ఎండలో వచ్చినాడు. పెద్దమనిషి, మంచివాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళను అడిగినట్టే మర్యాదగా అడిగినాను: "కూడు తింటిరా సార్?"

హాలంతా ఒక్క క్షణం మౌనం. తర్వాత నవ్వులు. మేనేజరు ఏమీ అనుకోలేదు. పక్క సీటులో ఉండే క్లర్కు నన్ను తర్వాత పిలిచి, "కూడు అనకండి సార్, భోజనం అనాలి. కూడు అంటే తిట్టినట్టుంటుంది. మీది అరవ తెలుగు కదా" అన్నాడు. ఆయన చెప్పింది నా మంచికే. నాకు మాత్రం నాలిక మీద వాత పెట్టినట్టయింది. ఆనాటినుంచి కౌంటరులో ఇంగ్లీషు, తప్పనిసరైతే పొట్టి పొట్టి తెలుగు. ఇంటికి పోయి మా ఇంటామెతో మా తెలుగు. ఆ మూడేండ్లలోనే లిపి కూడా నేర్చుకున్నాను. మొదట చదివింది బస్సుల బోర్డులు, తర్వాత కొట్ల పేర్లు, తర్వాత విత్‌డ్రాయల్ ఫారాల మీద రైతుల సంతకాలు. సంతకంతో చదువు నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను.

అదే క్లర్కు సెప్టెంబరు ముప్పయి, అర్ధ సంవత్సరం లెక్కలు మూసే రాత్రి, పదకొండు గంటలకు టీ తాగుతూ అన్నాడు: "ఏం చేస్తాం సార్, కోటి విద్యలు కూటి కొరకే." నేను తల ఊపినాను. ఆ 'కూటి' మా 'కూడే' అని నాకు తెలిసింది చాలా ఏండ్ల తర్వాత, ఒక నిఘంటువు కొనుక్కున్నాక. కూడు, కూటికి. ఆయన నోట్లో సామెతగా ఉండే మాట నా నోట్లో తిట్టు ఎట్లయిందో అప్పుడే అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. తెలుగులో 'డ' ఉండే తావున తమిళంలో 'ళ' కంటే నాలిక మడత పడే ఇంకో అక్షరం ఉంటుంది, తెలుగులో రాస్తే 'ళ' అనే రాస్తాం. మన కోడి వాళ్ళకు కోళి, మన ఏడు వాళ్ళకు ఏళు. ఆ లెక్కలోనే మన కూడు వాళ్ళ కూళ్. మా కరిసల్ నేలలో ఎండాకాలం తాగే కంబు కూళ్ అంటే సద్దల అంబలి. ఇంట్లో 'కూడు', వీధిలో 'కూళ్', రెండూ ఒకే విత్తనం మాటలు. అన్నం, భోజనం సంస్కృతం నుంచి వచ్చినవి. పాత కావ్యాల్లో రాజులు కూడా కుడిచినారు. తర్వాత అన్నం పీట మీద కూర్చున్నది, కూడు కింద కూర్చున్నది. మా పెద్దలు ఆ పీట వేయకముందే బయలుదేరి వచ్చేసినట్టున్నారు.

శ్రీరంగం సంగతికి వస్తాను. కావేరి ఒక పక్క, కొల్లిడం ఒక పక్క, నడుమ ఊరు, ఏడు ప్రాకారాల కోవెల. దక్షిణపు రాజగోపురం 236 అడుగులు. ఎప్పుడో మొదలుపెట్టి మొండిగా వదిలేసిన దానిని 1987లో పూర్తి చేసినారు. నేను చిన్నప్పుడు మా తాతతో వచ్చినప్పుడు అది ఇంకా మొండిదే. మా తాత దాన్ని చూపించి, "రాయలవారు కట్టించబోయి నిలిపేసినారు" అన్నాడు. ఊరివాళ్ళు కూడా రాయ గోపురమనే అంటుండిరి.

వైష్ణవులు ఊరికే 'కోయిల్' అంటే ఈ శ్రీరంగమే. 'తిరుమలై' అంటే తిరుపతి కొండ, 'పెరుమాళ్ కోయిల్' అంటే కంచి. మా అమ్మ గుడిని ఎప్పుడూ కోవెల అనే అంటుంది. మా కూతురు టెంపుల్ అంటుంది. గుడి అనే మాట ఈ రెంటి నడుమ ఎక్కడ జారిపోయిందో.

వరుసలో రెండు గంటలు నిలబడినాం. పిల్లలకు పొద్దుపోక గోల. నేను వాళ్ళకు ఒక ఆట పెట్టినాను: తెలుగువాళ్ళు తమవనుకొని వాడే అరవ మాటలు చెప్పాలి. పాప, "మావి తమిళం మాటలేమీ లేవు తాతా" అన్నది. మీ వీధిలో నీళ్ళు దేంట్లో వస్తాయే అంటే, కుళాయిలో అన్నది. కుళాయి తమిళం మాటే, గొట్టం అని అర్థం. ఊరి జాతరను తిరనాళ్ళు అంటారు కదా, అది తమిళం తిరునాళ్. ఎవరికీ తెలియని సంగతి వస్తే మీ నాయనమ్మ ఏమంటుంది? "పెరుమాళ్ళకెరుక" అన్నది పాప, వాళ్ళ నాయనమ్మ గొంతుతో. ఆ పెరుమాళ్ళు ఎవరో కాదు, ఇప్పుడు మనం చూడబోయే స్వామినే ఇక్కడ నంపెరుమాళ్ అంటారు. మా బ్రాంచిలో నన్ను అరవ తెలుగు అన్నవాళ్ళు రోజుకు ఇట్లాంటివి పది వాడుతుండిరి.

అప్పు ఒక పక్కనే లేదు లెండి. తమిళంవాళ్ళు గట్టిని 'కెట్టి' చేసుకున్నారు, రవికను 'రవిక్కై' చేసుకున్నారు. అచ్చ తమిళం మాట 'ర'తో మొదలు కాదు, వాళ్ళ వ్యాకరణమే ఒప్పుకోదు. కాబట్టి రవిక్కై బయటి సరుకని చూడంగానే తెలిసిపోతుంది. బ్యాంకువాణ్ణి, నాకు రెండు పక్కల ఖాతా చూడకపోతే నిద్ర పట్టదు.

రంగనాథుని ఉత్సవమూర్తి కూడా వలస పోయి వచ్చినవాడే. 1323లో ఢిల్లీ సేనలు వచ్చినప్పుడు భక్తులు మూర్తిని తీసుకొని ఊర్లు దాటినారు. చాలా కాలం తిరుమలలో ఉంచినారు. అక్కడ ఈనాటికీ రంగనాయకుల మంటపం ఉంది. విజయనగరం కాలంలో, 1371లో, గోపన్న అనే అధికారి మళ్ళీ శ్రీరంగానికి తెచ్చినాడు. మా కూతురు, అల్లుడు తిరుమలలో ఆ మంటపం ఎన్నిసార్లు చూసినారో, పేరు ఎందుకు వచ్చిందో ఇప్పుడే తెలిసిందన్నారు. అదే కోవెలలో తుళుక్క నాచ్చియార్ సన్నిధి ఉంది. ఢిల్లీ పాదుషా కూతురు స్వామిని ప్రేమించి వెనకాలే వచ్చిందని కథ. ఆమెకు రొట్టె నైవేద్యం పెడతారు. ఈ కథను కాస్త గుర్తుపెట్టుకోండి, సాయంత్రం అమ్మ చెప్పిన కథ దగ్గర మళ్ళీ కావాలి.

దర్శనమయ్యాక విజయరంగ చొక్కనాథ నాయకుడు, ఆయన కుటుంబం చేతులు జోడించి నిలబడిన విగ్రహాల దగ్గర ఆగినాం. మనిషంత విగ్రహాలు. మదురై నాయకుల వంశంలో ఈయన 1706 నుంచి 1732 వరకు ఏలినాడు, తిరుచ్చినుంచి. చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు ఆయన అవ్వ రాణి మంగమ్మ రాజ్యం చూసుకున్నది. మదురైలో ఉండేవాళ్ళకు మంగమ్మ సత్రం తెలియకుండా ఉండదు. ఆయన పోయిన కొన్నేండ్లకే, 1730ల్లోనే, ఆ వంశం ఏలుబడి ముగిసింది.

అమ్మ చాలాసేపు చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి తెలుగులో, నాతోనే, అడిగింది: "వీళ్ళు మనవాళ్ళా?"

"తెలుగు రాజులే అమ్మా."

"ఇంట్లో ఏమి మాట్లాడినారో, మన మాదిరేనా?"

అది నాకు తట్టని ప్రశ్న. ఆయన రాసింది తెలుసు నాకు. విజయరంగ చొక్కనాథుడు 'శ్రీరంగ మాహాత్మ్యము', 'మాఘ మాహాత్మ్యము' తెలుగు వచనంలో రాసినాడు. ఆయన కొలువులో ఉండే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమినీ భారతము' వచనంలో రాసినాడు. పద్యాల నడుమ ఒదిగి ఉండే వచనానికి విడిగా కుర్చీ వేసింది ఈ దక్షిణదేశపు కొలువులే. తంజావూరులో రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవుడు, వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా రాజు శాహాజీ కూడా తెలుగులో రాసినారు. నిడదవోలు వెంకటరావుగారు ఈ సాహిత్యమంతటి మీద 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము' అని పెద్ద పుస్తకమే రాసినారు. అయితే అదంతా కొలువు తెలుగు, సమాసాల తెలుగు. వాళ్ళు ఇంట్లో అన్నం పెట్టమని ఏ మాటతో అడిగినారో ఏ తాటాకులోనూ రాయరు. ఆ మాటకు సాక్ష్యం కావాలంటే మా అమ్మలాంటి వాళ్ళ నోరే.

పాప నడుమ దూరి, "తాతా, ఈ రాజు తమిళనాడులో ఉండి తెలుగులో రాశాడా? దేని గురించి?" అన్నది. "ఈ ఊరి గురించే" అన్నాను. అది విగ్రహాన్ని, వాళ్ళ పెద్దవ్వను ఒకసారి మార్చి మార్చి చూసింది. ఏమనుకున్నదో.

సాయంత్రం అమ్మ మంటపం రేవుకు పోయినాం. పేరే అమ్మ మంటపం, మా అమ్మకు అదొక సంబరం. పులిహోర, పెరుగన్నం పొట్లాలు విప్పి మెట్ల మీద కూర్చున్నాం. నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయి. పిల్లలు కాళ్ళు ముంచి ఆడుతుంటే మా కూతురు అల్లుణ్ణి ఏదో దెప్పుతూ అన్నది: "ఏరు దాటి తెప్ప తగలేసినట్టుంది మీ వ్యవహారం!"

నేను పట్టుకున్నాను. "పాపా, మీ అమ్మ ఏమన్నదో విన్నావా? ఏరు దాటి అన్నది. ఏరు అంటే ఏంది?"

పాప ఆలోచించింది. "నది?"

"ఇల్లును 'ఇంటికి' అంటాం. నోరును 'నోటికి' అంటాం. ఏరును?"

అది ఒక్క నిమిషం నీళ్ళు చూసి, "ఏటికి!" అని అరిచింది. అరిచి, గబగబా మెట్లెక్కి పెద్దవ్వ దగ్గరికి పోయి, "పెద్దవ్వా, నువ్వు పొద్దున అన్నది రైటే" అన్నది. మార్కులు వేసినట్టు. అమ్మ దాని తడి చేతులు కొంగుతో తుడిచింది.

చెన్నై మనవడికి ఇంకా సులభంగా చెప్పినాను. వాడు తమిళంలో 'ఆరు' అంటాడు, "ఆత్తుక్కు పోలాం" అంటాడు. ఆరు, ఆత్తుక్కు. ఏరు, ఏటికి. ఒక తల్లి పిల్లలు రెండు ఊర్లలో పెరిగినట్టు. పాత తెలుగులో ఏఱు అని బండి ఱ తో రాస్తుండిరి, తమిళంలో ఈనాటికీ ఆ బండి ఱ తోనే రాస్తారు. మా అమ్మ అన్న 'ఏటికి' అరవం కలిసిన తెలుగు కాదు, పాడైన తెలుగు కాదు. నది అనే సంస్కృతం మాట వచ్చి ముందు నిలబడినాక వెనక్కి పోయిన సొంత తెలుగు, సామెతల్లో ఇంకా బతికే ఉంది. మా ఇంట్లో అయితే సామెత దాకా పోనక్కరలేదు, నోట్లోనే ఉంది.

'ఉండాయి' సంగతి కూడా అంతే. రాయలసీమలో లక్షల మంది ఉండాది, ఉండాయి అనే అంటారు. 'వచ్చినాడు' అనేదాన్ని వేగంగా అంటే 'వచ్చాడు' అయింది, దాన్నే పుస్తకాల్లో అచ్చు వేసి ఒప్పు అన్నారు. మా వాళ్ళు వేగం పెంచలేదు. నేను కూడా మామూలుగా రాసేటప్పుడు 'వచ్చాను, వెళ్ళాను' అని రాయడం నేర్చుకున్నవాణ్ణే. ఈ వ్యాసం మాత్రం మా ఇంటి లెక్కలో రాస్తున్నాను.

అప్పుడు అమ్మకు నోరు విడింది. తనంత తానే కథ ఎత్తుకున్నది. చిన్నప్పుడు మాకు చెప్పిన కథే. "ముందు మనం ఉత్తరాన ఉంటిమి. ఒక పాదుషా మన పిల్లను అడిగినాడు. ఇయ్యమని చెప్పే ధైర్యం లేదు, ఇచ్చే మనసు లేదు. రాత్రికి రాత్రి మూటాముల్లె కట్టుకోని బయలెల్లినారు. వెనక గుర్రాలు, ముందర ఏరు. ఏరు చూస్తే నిండుగా పారతా ఉండాది. అప్పుడు ఈ గట్టున ఒక పుంగ చెట్టు, ఆ గట్టున ఒక పుంగ చెట్టు, రెండూ వంగి చేతులు కలిపినాయి. దానిమీద నడిచి అందరూ ఇవతలికి వచ్చినారు. వచ్చినాక చెట్లు లేచి నిలబడినాయి."

తమిళనాడులో తెలుగు మాట్లాడే పలు కులాల్లో ఈ కథ ఉంది. 1909లో థర్‌స్టన్ అచ్చు వేసిన ఏడు సంపుటాల 'దక్షిణ భారత కులాలు, తెగలు'లో తొట్టియర్ల గురించి రాసినచోట ఈ రెండు చెట్లు ఉన్నాయి. తరిమినవాడు ఎవరు, ఏరు ఏది అనేది ఇంటింటికీ మారుతుంది. చరిత్ర పుస్తకాలు ఇంత రసంగా చెప్పవు: 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో ఏలుబడి మొదలుపెట్టినాడు, 72 పాళెయాలు ఏర్పడినాయి, వాటితో సైనికులు, వాళ్ళ వెనక రైతులు, నేతగాళ్ళు, కమ్మరులు వచ్చినారు. రేగడి దున్నడం తెలిసినవాళ్ళు ఖాళీగా ఉన్న రేగడి వెతుక్కున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ నేలకు పెట్టుకున్న 'రెగర్' అనే పేరు కూడా తెలుగు రేగడే. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' రాసి ఈ వలసను తమిళ నవల చేసినారు. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి. కరిసల్ తమిళానికి ఒక నిఘంటువు కూడా కూర్చినారు. మా ఇంటి తెలుగుకు అట్లాంటిది నేను చూడలేదు.

మా అమ్మ కథలో నాకు ఒకటి ఎప్పుడూ తట్టుతుంది. తరిమిన పాదుషా కథ మా ఇంట్లో ఉంది, వెనకాలే వచ్చిన పాదుషా కూతురు కథ ఈ కోవెలలో ఉంది, రెండింటికీ మా అమ్మ ఒకే దణ్ణం పెడుతుంది. నాచ్చియార్ సన్నిధి దగ్గర ఆ పొద్దున ఆమె అందరికంటే ఎక్కువసేపు నిలబడింది.

పిల్లలు ఇక వదలలేదు. "ఇంకా చెప్పు పెద్దవ్వా, నీ తెలుగు మాటలు." అమ్మ మొదలుపెట్టింది. గొర్రు, గుంటక, కాడి, మేడి. సద్దలు, జొన్నలు, కొర్రలు, ఉలవలు. పొద్దు మళ్ళింది, పొద్దు గూకింది. వాన రాకముందు వచ్చే గాలికి, మొదటి వానకు రేగడి చేసే వాసనకు, పత్తి పగిలినప్పుడు చేసే సద్దుకు ఒక్కో మాట చెప్పింది. నేను సెల్‌ఫోనులో రికార్డు చేసినాను. నలభై నిమిషాలు వచ్చింది. పాప కొన్ని పలికి చూసింది. 'గుంటక' దానికి భలే నచ్చింది, ఎందుకో.

నేను అప్పుడు గమనించిందేమంటే, ఆ నలభై నిమిషాల్లో ఒక్క ఏటి మాట లేదు. చెరువు ఉంది, బావి ఉంది, గుంట ఉంది, వంక ఉంది. పడవ లేదు, రేవు లేదు. మా ఊర్లో ఏరు అంటే వాన పడితే నాలుగు రోజులు పారే ఇసుక దారి. నాలుగు వందల ఏండ్లు మెట్ట నేలలో కాపురం చేసిన తెలుగు ఇది. పంట మాటలన్నీ దాచిపెట్టుకున్నది, నీటి మాటలు ఎండిపోయినాయి. ఆ కథలో ఉండే చెట్టు పేరు కూడా అమ్మ తమిళంలోనే చెప్పింది, పుంగ చెట్టని. అది కానుగ అని నాకు నెల్లూరు పక్క పోయినాకే తెలిసింది. ఒక్క మాట మాత్రం రెండు పక్కలా నిలిచి ఉంది: మనం ఆనకట్ట అంటాం, వాళ్ళు అణైక్కట్టు అంటారు. ఈ శ్రీరంగానికి ఎగువన కొల్లిడం చీలేచోట 1830ల్లో ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే తర్వాత ధవళేశ్వరం పోయి 1852కు గోదావరి ఆనకట్ట పూర్తి చేసినాడు.

చీకటి పడుతుంది, లేద్దామని మా ఇంటామె గిన్నెలు సర్దుతుంది. ఏటి నడుమ నీళ్ళలో ఇసుక మేట ఒకటి తేలి ఉంది, గడ్డి మొలిచి, కొంగలు వాలి. పాప దాన్ని చూపించి అడిగింది: "పెద్దవ్వా, ఆ నడుమ ఉందే, దాన్ని మనం ఏమంటాం?"

మనం అన్నది. మీరు అనలేదు.

అమ్మ తటాలున, "తిట్టు" అన్నది.

"తిట్టేది ఏమిటికి?" అన్నది పాప. ఆ 'ఏమిటికి' పొద్దున దాని నోట్లో లేదు.

"తిట్టేది కాదు పాపా, దాని పేరే తిట్టు. ఉండు, అది అరవం. మన మాట..." అమ్మ చాలాసేపు నీళ్ళ మీద చూసింది. వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెట్టినట్టు చేసింది. "మన ఊర్లో ఏరు యాడ ఉండాది, దానికి పేరు పెట్టేదానికి?" అని నావైపు తిరిగింది.

నా సర్వీసు చివర రెండేండ్లు గోదావరి పక్క చేసినాను. లంకల్లో అరటితోటలకు లోన్లు ఇచ్చినాను. "లంక అంటారమ్మా" అన్నాను. "ఏటి నడుమ ఉండే నేలను లంక అంటారు. ఆ లెక్కన ఈ శ్రీరంగమే ఒక లంక."

"లంకా?" అన్నది అమ్మ. లేచి చీర కొంగు దులుపుకుంటూ, పాప భుజం పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, "రంగనాథుడు ఉండే తావును లంక అంటావేమిరా? ఎవరన్నా వింటే నవ్విపోతారు" అన్నది.